కాలు పెట్టిన వేళ, మూతబడ్డ దుకాణం

మహబూబాబాద్,
20 జూలై 1969

జనగామలో ఉన్న మా వారికి,

మీకు జాబు రాయడం ఇదే మొదటిసారి. పేరు పెట్టి పిలవలేను కాబట్టి పైన అట్ల రాసిన. ఏం రాయాలెనో తోచక మా అమ్మను అడిగితే, తిన్నవా పన్నవా అని రాయి, మిగిలింది ఆయనే రాస్తడు అన్నది. అందుకని అడుగుతున్న. వేళకు తింటున్నరా? కడుపునొప్పి తగ్గిందా?

ఇక్కడ అందరం బాగున్నం. ఆషాఢంల అత్త, కొత్త కోడలు ఒక్క ఇంట్ల ఉండొద్దని నన్ను పంపితిరి. ఈ ఏడు అధికమాసం పడి ఆషాఢం రెండు నెలలయింది. నీకోసం పంచాంగం కూడా సాగింది చూడు అని మా వదిన నవ్వుతది. మొదటి నెల నేను కూడా నవ్విన.

ఇక్కడ మా మానుకోటల బడులు మూసే ఉన్నయ్. పిల్లలు పొద్దంతా బజార్ల జై తెలంగాణ అనుకుంట ఆడుతున్నరు. రైలు వచ్చిన రోజు వచ్చినట్టు, రాని రోజు లేనట్టు. బాపూ, వైకుంఠం అన్నా మా దుకాణం ముందటి అరుగు మీద కూసోని పేపరు చదువుతరు. అమ్మడానికి లేదు, కొనడానికి ఎవరూ రారు.

శ్రావణం రాంగనే మీరు వచ్చి తీసుకపోతరని బాపు అనుకుంటున్నడు. ఏ రోజు వస్తరో రాస్తే బాగుంటది. ఇంకొక సంగతి అడగాలె. నేను బయలుదేరిన పొద్దు, లోపలి అర్రల మూట కట్టుకుంటుంటే, అత్తమ్మ పక్కింటి అండాలమ్మతో అన్నది నాకు వినబడ్డది. "పోనీ, అక్కడనే ఉండనీ. దుకాణం మంచిగ తెరుసుకున్నంక చూద్దాం" అన్నది. నా ఉనికికీ దుకాణం తెరుచుటకూ ఏం సంబంధమో నాకు తెలవలేదు. ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. మీకు తెలిస్తే రాయండి.

మీ
వాసవి


జనగామ,
27 జూలై 1969

చి. ల. సౌ. వాసవికి,

జాబు అందింది. కడుపునొప్పి లేదు. తింటున్న.

నువ్వు విన్నవ్ కాబట్టి దాచి లాభం లేదు. అమ్మ అనేది ఇది. నువ్వు ఫాల్గుణంల మా ఇంట్ల కాలు పెట్టినవ్. వారం తిరగకముందే బంద్ పడ్డది. అప్పటి సంది దుకాణం తెరిచిన రోజులకంటే మూసిన రోజులే ఎక్కువ. వైశాఖంల మిరపకాయ బస్తాలు రైళ్లు లేక స్టేషన్లనే ఆగిపోయి, గాలివానకు తడిసి బూజు పట్టినయ్. నాయిన పోయినప్పుడు కూడా మన దుకాణం ఇట్ల కాలేదు. కోడలు కాలు పెట్టిన వేళ మంచిది కాదని అమ్మ మనసుల పడ్డది.

నేను నమ్ముతున్నానని కాదు. కాని జరిగింది జరగలేదని ఎట్ల అంట? నువ్వు వచ్చినవ్. దుకాణం మూతబడ్డది. రెండూ నిజమే కదా.

మనసు కష్టపెట్టుకోకు. శ్రావణంల కాకుంటే భాద్రపదంల చూద్దాం. మీ బాపుకు ఏదో ఒకటి చెప్పు.

సత్యం


మహబూబాబాద్,
3 ఆగస్టు 1969

మా వారికి,

శ్రావణంల కాకుంటే భాద్రపదం అని రాసిండ్రు. భాద్రపదం శూన్యమాసం. ఆ నెలల కొత్త కోడలిని అత్తింటికి ఎవరూ పంపరు. అది మీకూ తెలుసు. తెలిసి రాసిండ్రో, తెలియక రాసిండ్రో అని రెండు రోజులు ఆలోచించిన. అడుగుడే మేలు అనిపించింది. నన్ను మళ్లీ ఆ ఇంటికి తీసుకపోతరా, లేదా? నాకు కావలసింది ఈ ఒక్క జవాబే.

రెండూ నిజమే అని రాసిండ్రు. అవును, రెండూ నిజమే. కాని బస్సుల పక్కపక్కన కూసున్నోళ్లంతా చుట్టాలు కారు కదా. నేను వచ్చినంక దుకాణం మూసిండ్రు అనేది వేరు, నేను వచ్చినందుకు మూసిండ్రు అనేది వేరు. పిలగాండ్లు తెలంగాణ కావాలని రోడ్డెక్కింది పుష్యమాసంల. అప్పటికి మన సంబంధమే కుదరలేదు.

మన బజార్ల అందరి దుకాణాలు మూసిండ్రు. బట్టల దుకాణం మూసిండ్రు, బంగారం దుకాణం మూసిండ్రు. వాళ్లందరి ఇండ్లకు ఫాల్గుణంల కోడండ్లు వచ్చిండ్రా? ఇక్కడ మా బాపు దుకాణం కూడా మూతబడ్డది. అది నేను ఈ ఇంట్ల నుంచి పోయినంక మూతబడ్డది. మీ లెక్కన చూస్తే, అక్కడ నేను వచ్చినందుకు, ఇక్కడ నేను పోయినందుకు. ఒక్క మనిషి రెండు ఊర్ల దుకాణాలు మూయించాలంటే ఆ మనిషికి చాలా బలం ఉండాలె. నాకు బావిల నుంచి రెండు బిందెలు తెచ్చే బలమే ఉన్నది.

ఇట్లాంటి మాటలు మీ ఇంట్లనే ఉన్నయని కాదు. మీరు వచ్చే మాట ఏదీ లేదని వైకుంఠం అన్నకు అనుమానం వచ్చింది. జనగామోళ్లంతా గంతే అన్నడు. ఆయన దోస్తు చెల్లెను జనగామల ఇస్తే అక్కడ కష్టపెట్టిండ్రట. ఒక్క ఇల్లు చూసి ఊరంతటిని ఎట్ల అంటవన్నా అన్న. నీకు తెల్వదు, ఊకో అన్నడు. తెల్వదు కాబట్టే అడిగిన. వదిన వంటింట్ల నుంచి నవ్వింది, ఆయన లేచి బజారుకు పోయిండు.

మీ జాబు సంగతి ఇంకా ఎవరికీ చెప్పలేదు. బాపు రోజూ అడుగుతున్నడు. ఏదో ఒకటి చెప్పు అన్నరు. ఏదో ఒకటి నాకు చెప్పరాదు.

మీ
వాసవి


జనగామ,
9 ఆగస్టు 1969

వాసవికి,

నీ జాబు చదివిన. నోట్లె నాలుక లేదనుకున్న పిల్లకు కాగితం మీద ఇంత నాలుక ఉన్నదని తెల్వదు.

నువ్వు చదివింది అయిదో తరగతి. నాయిన పోయినంక మా అమ్మ ఒక్కతే నిలబడి, మొగోళ్ల నడుమ బేరాలు చేసి, ఈ దుకాణం నడిపింది. ఆమెకు తెలివి లేదని, నువ్వు బుద్ధి చెప్పాలెనా? ఇయ్యాల నీ మాట విని నిన్ను తీసుకొస్తే, రేపు వేరు పొయ్యి పెడతనంటవ్. ఎల్లుండి దుకాణంల వాటా అంటవ్. అట్ల చీలిన ఇండ్లు ఈ బజార్ల చాలా చూసిన. అమ్మ కావాల్నా, నువ్వు కావాల్నా అని నన్ను నడిమిట్ల నిలబెట్టకు. నిలబెడితే నేను చెప్పే జవాబు నీకు నచ్చదు.

కోడలు కాలు సంగతి మా అమ్మ ఒక్కతి అనేది కాదు. ఊరంతా అనే మాట. ఊరంతటికీ తెలివి లేదా?

నేను రేపు భూపాలపల్లి పోతున్న. ఇక్కడ దుకాణం ఎట్లాగూ మూసే ఉన్నది, అడవి మీది ఇప్ప గింజలు నూనె మిల్లులకు కొందామని. కాటమయ్య అనే ఆయన ఇంట్ల దిగుత. జాబు రాస్తే అక్కడికి రాయి. రాయకున్నా ఏం కాదు.

సత్యం


మహబూబాబాద్,
15 ఆగస్టు 1969

భూపాలపల్లిలో ఉన్న మా వారికి,

ఇయ్యాల శ్రావణంల మొదటి శుక్రవారం. అమ్మ పొద్దున్నే గడపకు పసుపు రాసింది. ఆ మీదట మధ్యాహ్నం దాకా వాకిట్లనే ఏదో పని పెట్టుకున్నది. ఎవరూ రాలేదు. రారని నాకు తెలుసు కాబట్టి నేను లోపల పప్పు రుబ్బుకుంట కూసున్న.

మీకు కోపమొచ్చిందని కాగితం చూస్తే తెలుస్తున్నది. అక్షరాలు వెనుక దిక్కుకు పొడుచుకొచ్చినయ్. రాయకున్నా ఏం కాదు అన్నరు. అయినా రాస్తున్న, ఎందుకంటే అడిగినదానికి జవాబు రాలేదు.

అత్తమ్మకు తెలివి లేదని నేను ఎక్కడా రాయలేదు. నేను అనని మాట నా మీద పెట్టి, దానికి మీరు జవాబు చెప్పుకున్నరు. నేను అయిదు చదివిన మాట నిజమే. కాని ఒక రైతు వచ్చి, సేటూ, కాంటా తప్పు చూపుతున్నది అంటే, మీరు కాంటా చూస్తరా, నువ్వెంత చదివినవని అడుగుతరా?

వేరు పొయ్యి, వాటా అని రాసిండ్రు. ఒక్క మెట్టు ఎక్కినోళ్లంతా మిద్దె మీదికి పోరు. నేను అడుగుతున్నది మీ గడప దాటనియ్యమని. దాని తర్వాత మెట్లన్నీ మీరు కట్టినవే. అమ్మనా నువ్వా అని కూడా నేను అడగలేదు. ఆషాఢం దాక ఒక్క పొయ్యి మీదనే వండుకున్నం, ఒక్క ఇంట్లనే ఉన్నం. ఇద్దరం ఉండే దారి ఉన్నప్పుడు ఇద్దరిల ఒక్కరిని ఏరుకొమ్మని మీకు ఎవరు చెప్పిండ్రు?

ఊరంతా అనే మాట అన్నరు. మీరు మిరపకాయలు కొనేటప్పుడు నేను ఒకసారి దుకాణం వెనుక తలుపు సందుల నుంచి చూసిన. మీరు నన్ను చూడలేదు. ఆ రైతు బస్తా మూతి విప్పి, పైన ఎర్రగ ఉన్న కాయలు చూపించిండు. పక్కనున్నోళ్లంతా బాగున్నయ్ బాగున్నయ్ అన్నరు. మీరు మాత్రం బస్తా నడుమకు చేయి పెట్టి ఒక పిడికెడు, అడుగున విప్పించి ఒక పిడికెడు తీసి, అరచేతిల పెట్టుకొని చూసిండ్రు. ఆ పొద్దు నాకు మీరంటే గౌరవం కలిగింది. పదిమంది బాగున్నయన్నా మీ చేయి అడుగుదాకా పోయింది. నా సంగతిల మాత్రం బస్తా మూతి దగ్గరనే ఆగిపోయింది.

తప్పు లెక్క నేను కూడా కట్టిన, అది కూడా రాస్త. మీ రెండో జాబు ఆలస్యమయితే, మీకు నా మీద మనసు లేదని అనుకొని ఏడ్చిన. పోస్టు బండే రాలేదని తర్వాత తెలిసింది. కాబట్టి ఇది మీ ఇంటి జబ్బు కాదు. భయమున్న చోట అందరికీ వస్తది.

రాత్రి బాపుకు ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆయన లేచి దీపం తగ్గించిండు. అన్న మాత్రం జనగామ పోయి నలుగుర్ల అడుగుతనంటున్నడు. మీ జవాబు వచ్చేదాక ఆగుమన్న.

మీ
వాసవి


భూపాలపల్లి,
24 ఆగస్టు 1969

వాసవీ,

నవ్వకుండా చదువు. నవ్వినా నాకు తెలువనియ్యకు.

నేను ఇక్కడ బస్సు దిగిన రోజే వాన పట్టుకున్నది. తెల్లారెవరకు వాగు వచ్చింది, బండ్లు అటువి అటే ఆగినయ్. అంగడి సాగలేదు. మూడో పొద్దు కాటమయ్య ఎద్దు కుంటింది. అప్పుడు కాటమయ్య తల్లి అన్నది: జనగామ సేటు కాలు పెట్టిండు, ఊరు మునిగింది అని.

నేను మొదట పట్టించుకోలేదు. కాని వాన వెలిసి అంగడి సాగినంక చూస్తే, ఒక్కరు కూడా నా దగ్గరికి గింజలు తేలేదు. మొదటి బేరం నాతో చేస్తే కలిసిరాదట. రెండు పైసలు ఎక్కువ ఇస్తనన్నా గంప మీద బట్ట తియ్యలేదు. చివరికి ఆ ముసలమ్మ దగ్గరనే కూసున్న.

"అవ్వా, వాన ఇక్కడనే పడలేదు. పరకాలల కూడా పడ్డది" అన్న.

"పడదా మరి? నువ్వు పరకాల మీదికెల్లే వస్తివి గద."

"హన్మకొండల కూడా పడ్డది."

"ఆడ బస్సు మారితివి గద, నువ్వే చెప్తివి."

"అవ్వా, వానకాలంల వాన పడక ఎండ కొడతదా?"

"గది తెలిసి వానకాలంల ఎందుకు వచ్చినవ్ బిడ్డా?"

అంగడంతా నవ్వింది. నేను కూడా నవ్విన, కాని కడుపుల నవ్వు రాలేదు. నేను ఏ ఊరు పేరు చెప్పినా ఆమె దగ్గర జవాబు ఉన్నది. ఎంత నిజం చెప్పినా అది ఆమె మాటకే సాక్ష్యం అయితున్నది. అప్పుడు నీ జాబు జేబులనే ఉన్నది. అరుగు మీద కూసోని మళ్లీ చదివిన. నేనయితే బస్సెక్కి మా ఊరికి పోవచ్చు. నువ్వు ఎక్కడికి పోతవ్? నిన్ను పొమ్మన్నది నీ సొంత ఇంటి నుంచే కదా.

తర్వాత సంగతి మంచిదే. కాటమయ్యకు ఎద్దు మందుకు పైసలు కావాల్సి వచ్చి, ఏదైతే అదయిందని మొదటి బేరం ఆయనే చేసిండు. ఆయనకు ఏం కాకపోయేసరికి అందరూ గంపలు దించిండ్రు. ఇన్ని నెలలు లారీలు సరిగ తిరగక మిల్లుల గింజలు లేవు, ధర మీదికి పోయింది. మిరపకాయల నష్టం సగం తీరుతది.

ఇప్పుడు అసలు మాట. అమ్మకు జాబు రాసిన. వాసవి శ్రావణ శుక్రవారం రాసిన జాబు నాకు అందిన పొద్దే ధర పెరిగింది, కోడలు లక్ష్మి అని రాసిన. అమ్మ నమ్మింది. అండాలమ్మ చేత జవాబు రాయించింది. లక్ష్మిని శ్రావణం దాటకముందే ఇంటికి పిలిపించు, నేను హారతి పట్టి తీసుకుంట అన్నది. నేను కొన్నాళ్లు ఇక్కడనే ఉండాలె. వైకుంఠం బావను తోడు తీసుకొని నువ్వు పో. ఏం మాట్లాడకుండ కుడికాలు పెట్టి లోపలికి నడువు. వాదన గెలిచి వాకిట నిలబడే కంటే ఇది మేలు.

నీ
సత్యం


మహబూబాబాద్,
1 సెప్టెంబర్ 1969

మా వారికి,

మీ జాబు చదివి నవ్విన. మీకు తెలువనియ్యొద్దన్నరు, అయినా రాస్తున్న.

అన్న శుక్రవారం తీసుకపోతనన్నడు. అమ్మ చీరలు మడత పెడుతున్నది. బాపు చాలా రోజులకు కడుపునిండా తిన్నడు.

మీరు నా మేలు కోరి చేసిండ్రు. కాని ధర పెరిగింది నా కాలు మంచిదయి అని ఇప్పుడు ఒప్పుకుంటే, రేపు ధర పడిపోతే అది కూడా నాదే కావాలె. లాభం వచ్చినప్పుడు ఆ లెక్క మంచిదని, నష్టం వచ్చినప్పుడు తప్పని ఎట్ల అంట? బంద్‌లు ఇంకా అయిపోలేదు. ఇంకో బంద్ పడితే నేను మళ్లీ మూట కట్టుకోవాలె. ఈసారి ఆషాఢం అనే సాకు కూడా ఉండదు.

ఏం చేయాలెనో తేల్చుకోలేదు. గడప దగ్గరికి పోయేదాకా తేలుతదో లేదో. నాకు మాట్లాడుడు రాదని మీకు తెలుసు.

మీ
వాసవి


జనగామ,
11 సెప్టెంబర్ 1969

భూపాలపల్లిలో ఉన్న మా వారికి,

శుక్రవారం పొద్దు వాలకముందే చేరినం. అత్తమ్మ గడపల ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకొని నిలబడ్డది. పక్కన అండాలమ్మ, వెనుక బజారు ఆడోళ్లు ఇంకొందరు. పళ్లెంల కర్పూరం వెలుగుతున్నది. మా ఇంటి లక్ష్మి వచ్చిందని అత్తమ్మ అందరికీ వినబడేటట్టు అన్నది. మీరు చెప్పినట్టే కుడికాలు ముందుకు పెట్టిన. గడప మీదికి రాంగ ఆగిపోయిన.

నేను ఒక మాట అన్న. నాకే వినబడలేదు. ఏందమ్మా అన్నది అత్తమ్మ. మళ్లీ అనవలసి వచ్చింది. రెండోసారి ఎంత గట్టిగ వచ్చిందంటే ఎదురింటి వాళ్లు కూడా చూసిండ్రు.

"అత్తమ్మా, గింజల ధర నా కాలుతోని పెరగలేదు. దుకాణం నా కాలుతోని మూతబడలేదు. లక్ష్మిగ నేను రాను. కోడలుగ రానిస్తే వస్త."

అన్న వెనుక నుంచి నా కొంగు గుంజిండు. అండాలమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకున్నది. అత్తమ్మ నా ముఖం చూసింది, పళ్లెం చూసింది. తర్వాత అన్నది: "కర్పూరం ఉత్తగ అయిపోతున్నది. ముందు లోపలికి నడువు."

లోపలికి వచ్చిన.

ఆ రోజు అత్తమ్మ నాతో మాట్లాడలేదు. మర్నాడు కూడా లేదు. అన్నం మాత్రం పెట్టింది. అన్న మానుకోట బస్సెక్కుకుంట, నీ నోరు నిన్ను బతకనియ్యదు అన్నడు. నా నోరు అంతకుముందు లేదు కదా, అప్పుడు కూడా పంపిండ్రు అన్న. ఆయన కిటికీ దిక్కు తిరిగిండు.

మీరు నా మీద కోపం చేస్తరేమో. మీరు కట్టిన మాట నేను విప్పిన. మీ జాబు సంగతి అత్తమ్మ నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. అది మీరు, మీ అమ్మ చూసుకోవాలె.

నిన్న మళ్లీ బంద్ పడ్డది. పొద్దున అత్తమ్మ తెరిచిన దుకాణం టిఫిను వేళకే మూసిండ్రు. నేను, అత్తమ్మ వెనుక వాకిట్ల మిరపకాయల తొడిమెలు తీస్తున్నం. అండాలమ్మ గోడ మీదికి వంగింది. కోడలు రాంగనే మళ్లీ బంద్ పడ్డది గద ఈశ్వరమ్మా అని అత్తమ్మతో అన్నది.

నా చేతులు ఆగినయ్. అత్తమ్మ చేతులు ఆగలేదు. తల ఎత్తకుండనే అన్నది:

"దాని కాలుల ఏం లేదంటున్నది. దాని కాలు సంగతి దానికి తెల్వదా, నీకు తెలుస్తదా?"

అండాలమ్మ గోడ దిగి లోపలికి పోయింది.

ఆ మాట సరి కాదని మీకు కూడా తెలుస్తది. కాలు నాదయినంత మాత్రాన దాని మంచి చెడ్డ నాకే తెలియాలని లేదు. చెబుదామని నోరు తెరిచిన. అత్తమ్మ నా దిక్కు చూసి, ఇంకా కూసున్నవేంది, పొయ్యి మీద ఎసరు పెట్టు అన్నది.

ఎసరు పెట్టనీకి పోయిన.

మీ
వాసవి